కాలనీలో మళ్ళీ తాండ్ర

ప్రశ్న: పోలవరం ముంపులో మా ఊరు పోయింది మేడం. దేవీపట్నం సైడు తాండ్ర చేసి సంతలో అమ్మేదాన్ని, ఇప్పుడు కాలనీలో మళ్ళీ మొదలెడదామంటే చేతిలో పైసా లేదు. గ్రాంటు ఏమన్నా వస్తదా?

జవాబు: ముందు మీ డ్వాక్రా గ్రూపు సంగతి చూడండమ్మా, ఊరు చెదిరాక తలో కాలనీకి పోయుంటారు, అక్కడున్న పదిమందితో వెలుగు ఆఫీసులో మాట్లాడి మళ్ళీ గ్రూపు కట్టండి. ఫుడ్ ఐటమ్స్ చేసే సభ్యులకి పీఎంఎఫ్‌ఎంఈ అని చిన్న ఫుడ్ యూనిట్లకి కేంద్రం పెట్టిన స్కీంలో 40,000 దాకా సీడ్ క్యాపిటల్, అంటే మొదటి పెట్టుబడి, పెట్టారు, ఇప్పుడు ఫండ్ ఉందా అని అడగండి, కాకపోతే ఊరికే వచ్చేదనుకోకండి, గ్రాంటు గ్రూపులన్నీ కలిసిన సమాఖ్యకి, మీ చేతికొచ్చేది అప్పే! ట్రైనింగ్‌కి బ్యాంకులు నడిపే ఆర్‌సెటీకి, అంటే స్వయం ఉపాధి శిక్షణ సెంటరుకి, వెళ్ళండి, ఫీజు లేదు, భోజనం వసతి కూడా వాళ్ళదే. తాండ్ర చెయ్యడం మీకొకరు నేర్పక్కర్లేదు గానీ ప్యాకింగ్, లేబులు, లెక్కలు నేర్చుకోండి. పరిహారం డబ్బు మాత్రం మొత్తం ఇందులో పెట్టేయకండి.