బేసిక్ భాష పదాల లిస్టు రాసుకుంటున్న అబ్బాయిని మాన్పించాలా?

అంబాజీపేట నుంచి ఒక అమ్మగారు అడిగారు: "పదో తరగతి పరీక్షలయ్యాక మావాడు కంప్యూటర్లో కమోడోర్ 64 అనే పాత కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రాం (ఎమ్యులేటర్) పెట్టుకుని, అందులో బేసిక్‌కి తెలిసిన పదాలన్నీ నోటుబుక్కులో ఎక్కిస్తున్నాడండీ. ఎవరూ వాడని కంప్యూటర్ భాష కదా, మాన్పించి పైథాన్ కోచింగులో వేయమంటారా?"

మాన్పించకండమ్మా. బేసిక్‌తో ఉద్యోగం రాదు, నిజమే. 1964లో డార్ట్‌మత్ కాలేజీలో, సైన్సు చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్ వాడాలని చేసిన భాష అది, అందుకే సొంతంగా నేర్చుకునే పిల్లాడికి ఇప్పటికీ లొంగుతుంది.

కాకపోతే అక్షరక్రమంలో రాసి బట్టీ పట్టొద్దని చెప్పండి. ఏ పదం ఏ పని చేస్తుందో చూసి విడగొట్టమనండి. రన్, లిస్ట్, సేవ్ ఎక్కువగా నేరుగా టైపు చేసి ఇచ్చే కమాండ్లు, ప్రింట్, ఇన్‌పుట్, ఇఫ్, గోటూ ప్రోగ్రాం లోపల పని చేసే స్టేట్‌మెంట్లు. యాండ్, ఆర్, నాట్ షరతుల్ని కలిపే, తిరగేసే ఆపరేటర్లు. వర్గమూలం కట్టే ఎస్‌క్యూఆర్, మాటలో ఎన్ని అక్షరాలున్నాయో చెప్పే లెన్ ఫంక్షన్లు. ఇవి ఒక విలువ తీసుకుని ఇంకో విలువ ఇస్తాయి, కాబట్టి వాటిని ఒంటరిగా ఒక లైనులో రాస్తే ఎర్రరే.

ఇప్పుడు మీ కొబ్బరి తోట దింపు లెక్కకి ఒక ప్రోగ్రాం రాయమనండి. కాయలెన్ని, వెయ్యి కాయల ధరెంత, మొత్తం ఎంత వస్తుంది. ఆ మొత్తానికి 'టోటల్' అని పేరు పెట్టాడా, కమోడోర్‌లో సింటాక్స్ ఎర్రర్ (రాసిన తీరు తప్పని చెప్పే సందేశం) వస్తుంది! ఎందుకంటే ఆ స్పెల్లింగులో మొదటి రెండక్షరాలు టీ, ఓ, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఫర్ లూపులో వాడే 'టు'. బేసిక్ లైన్లను చదివి నడిపే ఆ ఇంటర్‌ప్రిటర్, పేరు మధ్యలో దాక్కున్న తన పదాన్ని కూడా పట్టేస్తుంది. 'స్కోర్' పెట్టినా అంతే, అందులో 'ఆర్' (OR) ఉంది. కారణం మీరు చెప్పకండి, వాణ్నే వెతుక్కోనివ్వండి, ప్రోగ్రామర్ రోజూ చేసే పని అదే.

ఆ తర్వాత పైథాన్‌కి వెళ్లమనండి, అది ఉచితమే. ఇప్పటి పైథాన్‌లో కీవర్డులు, అంటే భాష తనకోసం ఉంచుకున్న పదాలు, 35, వాటిలో ప్రింట్ లేదు, అది అక్కడ ఫంక్షన్ అయిపోయింది. వర్గాలు చేసుకున్న పిల్లాడికి ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. కోచింగ్ డబ్బులు ప్రస్తుతానికి ఉంచండి. ఇంటర్ ఎంపీసీయా, పాలిసెట్ రాసి డిప్లొమా కంప్యూటర్సా అన్నది వాడితో కూర్చుని మాట్లాడండి. డిప్లొమా చేసినా ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.