రన్‌ఫ్లాట్లు తీసేయొచ్చా? పాత స్పోర్ట్స్ కార్లకి మెత్తని టైర్లు

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. మూడేళ్ల కిందట ముచ్చటపడి సెకండ్‌హ్యాండ్‌లో 2004 మోడల్ బీఎండబ్ల్యూ జెడ్4 కొన్నాను, 3 లీటర్ల ఇంజిన్, 17 అంగుళాల రిమ్ములు. బండి బంగారమే కానీ ఇక్కడి కాంక్రీట్ రోడ్ల మీద ప్రతి అతుకూ వెన్నులో దిగుతుంది. మా ఆవిడ ఒక్కసారి ఎక్కి, ఇంకోసారి పిలవకండి అనేసింది. టైర్లు ఎలాగూ అరిగాయి. షాపతనేమో కంపెనీ రన్‌ఫ్లాట్లు ఇచ్చింది కాబట్టి మళ్లీ అవే వేయాలి, లేకపోతే ప్రమాదం అంటున్నాడు. మామూలు టైర్లు వేయొచ్చా? 18 అంగుళాల రిమ్ములు చవగ్గా దొరుకుతున్నాయి, పనిలో పనిగా అవి కూడా మార్చేయనా?
- ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: నిక్షేపంగా వేయొచ్చండీ. మీ ఆవిడ మళ్లీ ఆ బండెక్కాలంటే చేయాల్సింది అదే. 18 అంగుళాల సంగతి మాత్రం మర్చిపోండి, ఎందుకో కింద చెబుతాను.

గాలి మొత్తం పోయినా బండి బరువు మోయాలి కదా, అందుకని రన్‌ఫ్లాట్ టైరు సైడ్‌వాల్ (పక్క గోడ) లోపల మందంగా గట్టి రబ్బరు పెడతారు. ఆ బలంతోనే పంక్చరయ్యాక కూడా గంటకు 50 మైళ్లు దాటకుండా సుమారు 50 మైళ్లు పోవచ్చు. బాగానే ఉంది, కానీ పంక్చర్ ఎప్పుడో ఏడాదికో రెండేళ్లకో ఒకసారి పడుతుంది, ఆ గట్టి గోడ మాత్రం రోజూ మీతోనే ఉంటుంది. రోడ్డు అతుకు తగిలినప్పుడు మామూలు టైరైతే గోడ వంగి సగం దెబ్బ తనే మింగుతుంది, ఇది వంగదు, వచ్చిన దెబ్బని వచ్చినట్టు స్ప్రింగుకీ సీటుకీ మీ నడుముకీ పంపించేస్తుంది. ఈ మోడల్‌కి ఇంకో జబ్బు కూడా ఉంది, లారీ చక్రాలు తొక్కి గాడులు పడిన రోడ్ల మీద స్టీరింగ్ ఆ గాడి వెంటే లాక్కుపోతుంటుంది. మీరు రాయలేదు గానీ చూసే ఉంటారు. మామూలు టైర్లు వేస్తే అది కూడా చాలావరకు తగ్గుతుంది.

షాపతను చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. మీ బండిలో స్టెప్నీ లేదు, పెట్టుకుందామన్నా చోటు లేదు. కాబట్టి రన్‌ఫ్లాట్లు తీసేసిన రోజునే డిక్కీలో చిన్న ఎలక్ట్రిక్ గాలి పంపు, సీలెంట్ బాటిల్, మేకు దిగితే పూడ్చే ప్లగ్ కిట్ పెట్టుకోండి (సీలెంట్‌కి ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, అయిదేళ్ల తర్వాత తీసి చూస్తే గడ్డకట్టి ఉండటం నాకు తెలుసు). సైడ్‌వాల్ చీలిందంటే మాత్రం ఇవేవీ పనిచేయవు, టో ట్రక్కు రావాల్సిందే. అర్ధరాత్రులు ఊళ్ల మధ్య ఒంటరిగా తిరిగేవాళ్లయి, ఆ టెన్షన్ నావల్ల కాదనుకుంటే రన్‌ఫ్లాట్లే ఉంచుకోండి, అందులో తప్పేం లేదు. వారానికోసారి కాఫీకి వెళ్లొచ్చే బండికి మాత్రం అంత కవచం అక్కర్లేదు.

రిమ్ములు మార్చక్కర్లేదు, ఉన్నవాటికే మామూలు టైర్లు సరిపోతాయి. కానీ నాలుగూ ఒకేసారి మార్చండి. ముందు రెండు రన్‌ఫ్లాట్లు వెనక రెండు మామూలువి అని ఖర్చు తగ్గించుకోబోతే బండి ముందొక రకంగా వెనకొక రకంగా తిరుగుతుంది, వానలో అది బాగోదు.

ఇక 18 సంగతి. మీ 225/45 ఆర్17 టైరు సైడ్‌వాల్ ఎత్తు 101 మిల్లీమీటర్లు (టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, అందులో 45 శాతం అన్నమాట, 17 రిమ్ము అంగుళాలు). 18కి వెళితే ముందు 225/40, వెనక 255/35 వస్తాయి, అంటే ఆ గోడ 90కి పడిపోతుంది. సెంటీమీటరే కదా అనిపిస్తుంది, కానీ మెత్తదనమంతా ఆ రబ్బరు గోడలోనూ లోపలి గాలిలోనూ ఉంది, మీరు ఉన్న కాస్తా కోసేస్తున్నారు. నన్నడిగితే ఉల్టా వెళ్లమంటాను. 2.5 లీటర్ల మోడల్‌కి కంపెనీ ఇచ్చిన సైజు 225/50 ఆర్16. గోడ 112 మిల్లీమీటర్లు, టైరు మొత్తం ఎత్తులో తేడా మూడు మిల్లీమీటర్లే కాబట్టి స్పీడోమీటరుకేం కాదు. కాకపోతే మీ ఇంజిన్ బండికి బ్రేకులు వేరు, 16 రిమ్ము కాలిపర్‌కి (బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) తగులుతుందేమో ఒకటి బిగించి చేత్తో తిప్పి చూసుకున్నాకే డబ్బులివ్వండి. అంత తిరుగుడు వద్దనుకుంటే 17లోనే ఉండండి, రన్‌ఫ్లాట్ పోవడంతోనే తేడా తెలుస్తుంది.

ఏ టైరు? మీ ఊళ్లో ఎండలు మండిపోతాయి, జనవరిలో ఒకట్రెండు రోజులు మంచు గడ్డకడుతుంది. అచ్చమైన సమ్మర్ టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందకి వెళ్తే బిగుసుకుపోతుంది కాబట్టి ఆల్ సీజన్‌లోనే మంచివి చూడండి. కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ డీడబ్ల్యూఎస్ 06 ప్లస్, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4, ఈ రెండింటిలో మీ అవసరానికి నేను మొదటిదే తీసుకుంటాను, దాని గోడ కాస్త మెతక. మలుపుల్లో స్టీరింగ్ చురుకు మిషెలిన్‌ది ఎక్కువ, కానీ మీ గొడవ మలుపుల గురించి కాదు కదా. కాంటినెంటల్ ట్రెడ్‌లో (రోడ్డుకి తగిలే భాగంలో) డి, డబ్ల్యూ, ఎస్ అని అక్షరాలుంటాయి, అరిగేకొద్దీ ముందు ఎస్ పోతుంది, అంటే ఇక మంచులో నమ్మొద్దని, తర్వాత డబ్ల్యూ పోతే వానలో. లోడ్ నంబరు (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) 91కి తగ్గనీయొద్దు. అదే సైజులో ఎక్స్ఎల్ అన్నదీ, లేనిదీ రెండూ దొరికితే లేనిదే తీసుకోండి, ఎక్స్ఎల్ ఎక్కువ బరువు కోసం చేసిన టైరు, కాస్త బిర్రుగా ఉంటుంది.

ఇంకొక్క మాట, ఇది మాత్రం టైర్లు కొనకముందే. ఇరవై ఏళ్లు దాటిన బండి. ముందు కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని బండికి కలిపే కడ్డీల రబ్బర్లు), వెనక షాక్ మౌంట్లు (షాక్ అబ్జార్బర్లని బండికి బిగించే భాగాలు) ఒకసారి లిఫ్ట్ మీద చూపించండి. నా పాత బండికి ఊగుడు తగ్గట్లేదని రెండు జతల టైర్లు మార్చాను, ఓ పెద్ద షాపువాళ్లు మార్చిన ప్రతిసారీ బ్యాలెన్సింగ్ అని ఇంకాస్త గుంజారు, చివరికి ఒక చిన్న మెకానిక్ కిందకి దూరి చూసి బుష్ చీలిపోయిందండీ అన్నాడు. రన్‌ఫ్లాట్ల మీద తిరిగిన రిమ్ములు వంగి ఉండటం కూడా మామూలే, కొత్త టైర్లు ఎక్కించేముందు ఖాళీ రిమ్మును మెషీన్ మీద తిప్పి చూపించమనండి.

గాలి డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీదున్నంతే, పొద్దున్నే బండి తీయకముందు చూసుకోండి. మెత్తగా ఉంటుందని తగ్గించొద్దు, టైరు వేడెక్కుతుంది, అంచులు అరుగుతాయి. వేసిన రోజే డాష్‌బోర్డులో టైరు వార్నింగ్ రీసెట్ చేయండి. మీ మోడల్‌లో అది గాలిని కొలవదు, చక్రాల తిరుగుడులో తేడా చూసి పసిగడుతుంది, నాలుగింట్లోనూ సమానంగా గాలి దిగిపోతుంటే దానికి తెలియదు. గేజ్ ఒకటి కొనుక్కోండి.

ప్రశ్న: మా బావగారు విదేశాలకు వెళ్తూ తన పాత ఆడి టీటీ నాకిచ్చారు. ట్రెడ్ బాగానే ఉంది, కానీ చప్పుడు ఎక్కువ, రాళ్ల మీద నడిచినట్టుంది. టైరు మీద 2315 అని ఉంది. షాపులో కొత్తవంటూ చూపించిన వాటి మీద 4021 ఉంది. కొనొచ్చా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మీ టైర్లు 2015లో 23వ వారంలో తయారయ్యాయి, పదేళ్లు దాటాయి. ట్రెడ్ ఎంత మిగిలితే ఏం లాభం, రబ్బరు ఎండిపోయింది, ఆ చప్పుడంతా దానిదే. మిషెలిన్ కూడా అయిదేళ్లు దాటితే ఏటా చూపించుకోమంటుంది, పదేళ్లకి ట్రెడ్ ఉన్నా తీసేయమంటుంది. వానాకాలం వచ్చేదాకా ఆగకండి.

షాపు 'కొత్తవి' 2021 అక్టోబరువి. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతి మీద ఆంక్షలున్నాయి కాబట్టి ఇక్కడ తయారుకాని సైజులకి ఇలా గోడౌన్లో మిగిలిన సరుకే అంటగడుతుంటారు. ముందు మీ సైజు ఇక్కడ ఏ కంపెనీ చేస్తోందో రెండు మూడు షాపుల్లో కనుక్కోండి, వారం ఆలస్యమైనా ఆర్డరు మీద తెప్పించుకోండి. తెచ్చాక రిమ్ముకి ఎక్కించకముందే నాలుగు టైర్ల తేదీలూ మీరే చూడండి, ఒక టైరు మీద ఒకవైపు పూర్తి నంబరుండి రెండోవైపు ఉండకపోవచ్చు, తిప్పి చూపించమనండి.