అల్లుడూ, అక్క టికెట్ అక్టోబర్‌కి కొనకు

రెంటన్, నవంబర్ 9, 2025

ఒరేయ్ అల్లుడూ,

నిన్న పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. గొంతులో మురిపెం దాచుకోలేకపోతోంది. "వచ్చే అక్టోబర్‌లో మమ్మల్ని రమ్మంటున్నాడురా వీడు. వరల్డ్ సిరీస్ అట, బేస్‌బాల్‌లో ఆఖరి పోటీ అట, మీ టీమ్ ఆడుతుందట. పిల్లాడు అంతగా పిలిచాక రాకపోతే బావుంటుందా?" అంది. నువ్వూ నీ ముగ్గురు ఫ్రెండ్సూ కలిసి మన సియాటిల్ బేస్‌బాల్ టీమ్ మెరినర్స్ సీజన్ టికెట్లకి, ఇక్కడ ఆడే మొత్తం 81 గేమ్‌లకీ, అడ్వాన్స్ కట్టబోతున్నారని కూడా చెప్పింది.

ముందు సంతోషం వేసింది, ఎందుకు దాచాలి. 2019లో నువ్వు ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో గేమ్‌కి తీసుకెళ్తే మూడో ఇన్నింగ్స్‌లో నా భుజం మీద నిద్రపోయావు. లేచి, "మామయ్యా, ఇందులో ఏమీ జరగదా?" అన్నావు. ఆ ఏడాది మనవాళ్ళు 94 గేమ్‌లు ఓడారు కాబట్టి తప్పు నీది కాదులే. ఆ పిల్లాడు ఇవాళ వాళ్ళమ్మకి ఫోన్లో క్యాల్ రాలీ ఎవరో, బ్యాటర్ వెనక కూర్చుని బంతులు పట్టే క్యాచర్ 60 హోమ్ రన్‌లు కొట్టడం ఎంత వింతో చెప్తున్నాడు. (అతని ముద్దుపేరుకి అర్థం మాత్రం అక్కకి చెప్పకు.)

రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అక్టోబర్ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఫోన్లో చెప్తే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

సీజన్ టికెట్ల సంగతి ముందు తేల్చేస్తాను. 81 వద్దు, ఓ ఇరవై గేమ్‌లు చాలు. ఏప్రిల్ రాత్రుళ్ళు పై అంతస్తులో కూర్చుంటే ఆ చలి ఎముకల్లోకి వెళ్తుంది. కప్పు మూసినా అది గొడుగులాంటిదే, పక్కల నుంచి గాలి కొడుతూనే ఉంటుంది. ఎవరికి ఏ గేమ్ అన్నది ముందే కాగితం మీద రాసుకోండి, లేకపోతే న్యూయార్క్ యాంకీస్ లాంటి పెద్ద టీమ్ ఇక్కడికి ఆడటానికొచ్చిన వారం స్నేహాలు చెడతాయి. డబ్బంతా ఒకడి కార్డు మీద పడనివ్వకండి. తప్పక పడాల్సి వస్తే ఆ ఒకడివి నువ్వు కాకు.

ఇక ఈ చలికాలం గురించి. నువ్వు ఎందుకింత తొందరపడుతున్నావో నాకు తెలుసు. అక్టోబర్ 20 రాత్రి మా ఇంట్లోనే ఉన్నావుగా. దీపావళి. వరల్డ్ సిరీస్‌కి ముందు మెట్టు, టొరంటోలో ఏడో గేమ్. ఏడో ఇన్నింగ్స్, 3-1 మనది, ఇంకో ఎనిమిది అవుట్లు తీస్తే 1977లో పుట్టిన టీమ్ మొదటిసారి వరల్డ్ సిరీస్‌కి వెళ్తుంది. టొరంటో వాళ్ళ స్ప్రింగర్ మనల్ని ఓడించిన హోమ్ రన్ కొట్టాడు; బంతి ఎడమవైపు లేచింది. అది పడకముందే నువ్వు లేచి బయటికి వెళ్ళిపోయావు. అత్తయ్య గులాబ్ జామూన్ గిన్నె పట్టుకుని వస్తే నువ్వు మెట్ల మీద, ఆరిపోయిన ప్రమిదల పక్కన కూర్చుని ఉన్నావట. కాకరపువ్వొత్తుల ప్యాకెట్టు ఇప్పటికీ మా గరాజ్‌లోనే ఉంది.

ఆ ఎనిమిది అవుట్లనీ వచ్చే ఏడాది పేరున బాకీ రాసుకున్నావు నువ్వు. నేనూ రాసుకున్నవాడినే. 2001లో మనం 116 గేమ్‌లు గెలిచాం. యాంకీస్ చేతిలో ఓడాక, పోనీలే వచ్చే ఏడాది అన్నాం. వచ్చే ఏడాది 93 గెలిచి ఇంట్లో కూర్చున్నాం. మళ్ళీ ప్లేఆఫ్స్ (అక్టోబర్‌లో టైటిల్ కోసం ఆడే పోటీలు) మొహం చూసింది 2022లో. నేను పెళ్ళి చేసుకుని, ఇల్లు కొని, జుట్టు నెరిసేదాకా ఆగాను.

అలాగని టీమ్ బాగా లేదనను. బంతి వేసే పిచర్లు వూ, కర్బీ, గిల్బర్ట్, కాస్తియో ఉన్నారు, బ్యాటర్లలో రాలీ, హూలియో రోడ్రిగెజ్ ఇద్దరికీ పెద్ద కాంట్రాక్టులున్నాయి. ఇంతమంది ఉన్న చలికాలం నాకు గుర్తున్నంతలో లేదు. కాకపోతే నేలర్, పొలాంకో, సువారెజ్ ముగ్గురూ కాంట్రాక్టు అయిపోయిన ఫ్రీ ఏజెంట్లు. మొన్న గురువారం నుంచి ఎవరితోనైనా సంతకం పెట్టొచ్చు. నన్నడిగితే ముందు నేలర్. 28 ఏళ్ళవాడు. పరిగెడితే మీ అత్తయ్యకన్నా కాస్త నయం, అయినా మన దగ్గరికొచ్చిన రెండు నెలల్లో 19 బేస్‌లు దొంగిలించాడు (బంతి కొట్టకముందే తరవాతి బేస్‌కి ఉరకడం), అంతా బుర్రతోనే. ఇంకో చిక్కుంది. సీజన్ మధ్యలో ట్రేడ్‌లో వచ్చినవాడికి క్వాలిఫయింగ్ ఆఫర్ (పాత టీమ్ ఇచ్చే ఒక ఏడాది కాంట్రాక్టు) ఇవ్వడానికి లేదు. అతను పోతే మనకి బదులుగా డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే వంతు) కూడా రాదు, అతన్ని తీసుకున్న టీమ్‌కి పోయేదీ ఉండదు. అందుకే పాటదారులు ఎక్కువుంటారు.

సువారెజ్ దగ్గర మాత్రం నాకు నోరు రాదు. ఈ ఏడాది మొత్తం 49 హోమ్ రన్‌లు, సరే. మన జెర్సీలో యావరేజ్ .200 కూడా దాటలేదు. 34 ఏళ్ళు. లెక్క ప్రకారం వదిలేయాలి. టొరంటోతో అయిదో గేమ్‌లో అతను కొట్టిన గ్రాండ్ స్లామ్ (ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు) చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది, ఇక లెక్క ఎవడు చూస్తాడు?

డిసెంబర్‌లో ఓర్లాండోలో వింటర్ మీటింగ్స్, టీమ్‌లన్నీ కలిసి ఆటగాళ్ళ బేరాలు మాట్లాడుకునే చోటు. ఆ నాలుగు రోజులూ అర్ధరాత్రి ఫోన్ చూడకు. ఎవడో ఏదో పుకారు వదులుతాడు, మన చేతికొస్తున్న కుర్రాడు కోల్ట్ ఎమర్సన్‌ని ఇచ్చేసి ఫలానా పిచర్‌ని తెస్తున్నారని. అలాంటిది వింటే నాకు పొట్టలో తిప్పుతుంది. ఎందుకో చెప్తాను. ఈ ఉత్తరం రాస్తున్నదే అందుకు.

2007లో మనవాళ్ళు 88 గెలిచారు. నిజానికి ఆ ఏడాది మనం చేసిన పరుగులకన్నా అవతలివాళ్ళకి ఇచ్చిన పరుగులే ఎక్కువ. అలాంటి టీమ్ అన్ని గేమ్‌లు గెలిచిందంటే సగం అదృష్టం. నాకు ఆ సంగతి తెలుసు, పేపర్లో చూశాను. చూసి పేపర్ మడిచేశాను. ఒక్క మంచి పిచర్ వస్తే చాలు అని అందరూ అంటుంటే నేనూ అన్నాను. డిసెంబర్‌లో కార్లోస్ సిల్వాకి నాలుగేళ్ళకి 48 మిలియన్లు ఇచ్చారు. ఫిబ్రవరి 8న బాల్టిమోర్ నుంచి ఎరిక్ బెడార్డ్‌ని తెచ్చారు. బదులుగా అయిదుగురిని ఇచ్చారు, అందులో ఒకడు ఆడమ్ జోన్స్ అనే 22 ఏళ్ళ కుర్రాడు. నేను ఆఫీసులో స్వీట్లు పంచాను. నిజంగా పంచాను.

ఆ సాయంత్రమే తెనాలికి ఫోన్.

తాతయ్యకి, అంటే మా నాన్నకి, మెరినర్స్ జపాన్ బ్యాటర్ ఇచిరో అంటే ఎంత పిచ్చో నీకు తెలియదు, నువ్వప్పుడు చిన్నపిల్లాడివి. ఆయన ఒక్క బేస్‌బాల్ గేమ్ కూడా చూడలేదు. రేడియో క్రికెట్ కామెంటరీతో పెరిగిన మనిషి, చెవులతోనే ఆట చూడగలడు. ప్రతి ఆదివారం కాలింగ్ కార్డు గీకి ఫోన్ చేసినప్పుడు నేను ఆ వారం ఇచిరో హిట్లు చెప్పేవాణ్ణి. ఆయన గంటల పంచాంగం క్యాలెండర్ గడుల్లో, వర్జ్యం పక్కన, పెన్సిల్‌తో రాసుకునేవారు. 2004లో ఒక సీజన్లో అత్యధిక హిట్ల రికార్డు, 84 ఏళ్ళ నాటిది, ఇచిరో దాటిన రాత్రి ఆగలేక అప్పటికప్పుడే ఫోన్ చేశాను. అక్కడ తెల్లారింది, గాంధీ జయంతి. ఆ గడిలో ఎర్ర ఇంకుతో 258 అని రాసి, చుట్టూ సున్నా చుట్టారు.

2008 ఏప్రిల్‌లో నాన్న రావాలి. వీసా చేతికొచ్చింది. తెనాలి వదిలి రెండు నెలలకి మించి ఉండనని ఆయన పట్టు. ఆ ఫోన్లో నేనన్నాను, "నాన్నా, ఏప్రిల్‌లో చలి, గేమ్‌లు కూడా చప్పగా ఉంటాయి. అక్టోబర్‌లో రండి. ప్లేఆఫ్స్ చూద్దురుగాని." ఆయన ఒక్క క్షణం ఆగి, "నీకు తెలుసుగా, అలాగే కానీ" అన్నారు.

మే నెలాఖరుకే టీమ్ అట్టడుగున ఉంది. జూన్‌లో జనరల్ మేనేజర్‌ని తీసేశారు, కొద్దిరోజులకి మేనేజర్‌నీ తీసేశారు. సిల్వా 4 గెలిచి 15 ఓడాడు. బెడార్డ్ 15 గేమ్‌లు వేసి భుజం పట్టుకుని కూర్చున్నాడు. 61 గెలుపులు, 101 ఓటములు. వంద మిలియన్లకు పైగా జీతాలిచ్చి వంద గేమ్‌లు ఓడిన మొదటి టీమ్ మనదే. ఓడటం కూడా సరిగ్గా చేతకాలేదు. ఆఖరి మూడు గేమ్‌లు గెలిచేసి, అందరికన్నా ఎక్కువ ఓడిన టీమ్‌కి దక్కే మొదటి డ్రాఫ్ట్ పిక్కుని, అంటే అందరూ కోరుకున్న పిచర్ స్ట్రాస్‌బర్గ్‌ని, వాషింగ్టన్‌కి వదిలేశారు. అక్కడ బాల్టిమోర్‌లో ఆడమ్ జోన్స్ అయిదుసార్లు ఆల్ స్టార్ అయ్యాడు.

జూన్‌లో నాన్న టికెట్ ముందుకి మార్చుండొచ్చు. రెండు వందల డాలర్లు అడిగారు. ఉన్నాయి నా దగ్గర. మార్చాలంటే నాన్నకి ఫోన్ చేసి నేను పొరపాటు పడ్డానని చెప్పాలి. అది చెప్పలేక, ఇంకా టైముందిలే, పుంజుకుంటారులే అనుకుంటూ ఆగస్టు దాకా లాగాను. ఆ తరవాత సీట్లే లేవు.

సీజన్ సెప్టెంబర్ 28న అయిపోయింది. నాన్న అక్టోబర్ 2న దిగారు.

ఆ ఆదివారం స్టేడియానికి తీసుకెళ్ళాను. ముసురు. మంకీ క్యాప్, దానిమీద నా రెయిన్ కోటు, చేతులు పొడుగై వేళ్ళు కనబడట్లేదు. లెఫ్ట్ ఫీల్డ్ గేటు బయట ఆ పెద్ద కంచు గ్లవ్ ఉంటుంది చూడు, మధ్యలో బంతంత కన్నంతో, నువ్వూ ఫోటో దిగావు. గేటుకి తాళం. కటకటాల్లోంచి తొంగి చూశారు. కాంక్రీటు, మూసేసిన దుకాణాలు తప్ప ఏమీ కనబడలేదు. "ఇచిరో ఎటువైపు నిలబడతాడు?" అని అడిగారు. రైట్ ఫీల్డ్ అటని గోడకేసి చూపించాను. ఆయన ఆ గోడని చాలాసేపు చూశారు. పక్కనే గూడ్సు బండి కూత వేసుకుంటూ పోయింది. తరవాత రెయిన్ కోటు చెయ్యి మడిచి, కంచు గ్లవ్ మీద అరచెయ్యి ఆనించి, "చల్లగా ఉందిరా" అన్నారు. అప్పుడు తీసిందే మా హాల్లో ఉన్న ఫోటో.

"తాతయ్య గేమ్‌కి వెళ్ళారా మామయ్యా?" అని నువ్వు ఆ ఫోటో చూసి అడిగినప్పుడల్లా ఊఁ అన్నాను. వెళ్ళలేదురా. 2010లో ఆయన పోయేదాకా మళ్ళీ రావడం పడలేదు. నాతో ఒక్క మాట అనలేదు. తెనాలి వెళ్ళాక అందరితో "గ్రౌండ్ చూశాను" అని చెప్పారట. అక్కకి కూడా ఇంతవరకే తెలుసు.

ఇప్పుడు చెప్పు, నీకు బుద్ధుందా? అక్కకి అరవై దాటాయి. పోయినసారి నేనొచ్చినప్పుడు గుంటూరులో మీ ఇంటి మూడు మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకుంది. బావకి షుగర్. వాళ్ళ ప్రయాణం నేలర్ సంతకం మీద, కర్బీ భుజం మీద పెడతావా? 2023లో మనం ఒక్క గేమ్‌లో ప్లేఆఫ్స్ పోగొట్టుకున్నప్పుడు నువ్వు కూడా మా సోఫాలోనే ఉన్నావు.

తిట్టానని బాధపడకు. అమ్మకి ఆట చూపించాలన్న కోరిక నీకు కలిగిందంటే, అది నాన్న దగ్గరి నుంచి నాకూ, నా దగ్గరి నుంచి నీకూ వచ్చిందే అనుకుంటున్నాను. అందుకే గట్టిగా చెప్తున్నాను.

జూలైలో పిలువు. మేలో ఎలాగూ ఆవకాయ పెట్టకుండా కదలదు. జూన్ 15 నుంచి జూలై 6 దాకా పక్క స్టేడియంలోనే ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఆటలున్నాయి, ఆ రోజుల్లో అటువైపు కారు తిప్పలేవు, విమానం టికెట్లు కూడా మండుతాయి. అది అయిపోయాక రానీ. వానలుండవు, తొమ్మిదింటిదాకా వెలుతురు. పగటి గేమ్ చూడు. మూడో బేస్ వైపు తీసుకో, నీడ ముందు అటే వస్తుంది. ఎస్కలేటర్ వద్దు, లిఫ్ట్ ఎక్కడుందో ముందే కనుక్కో. బయటి తిండి లోపలికి రానిస్తారు కాబట్టి అత్తయ్య పులిహోర కట్టిస్తుంది. అక్కడ వేయించిన మిడతలు అమ్ముతారు, ఆ కొట్టు ముందునుంచి మాత్రం తీసుకెళ్ళకు. మూడో ఇన్నింగ్స్‌లో అక్క నిద్రపోతే లేపకు.

అక్టోబర్‌లో మనవాళ్ళు నిజంగానే వెళ్తే, నువ్వూ నేనూ నిలబడైనా చూద్దాం. నా టికెట్ డబ్బులు నేనిస్తాను.

ఇంకొకటి. తెనాలి ఇల్లు అమ్మినప్పుడు నాన్న క్యాలెండర్లన్నీ ట్రంకు పెట్టెలో వేసి అక్క వాళ్ళ అటక మీద పెట్టాం. ఎవరినైనా ఎక్కించి 2004ది తీయించమను. మడత పెట్టకుండా, చుట్టి, చీరల మధ్యన పెట్టుకురమ్మను.

మీ
మామయ్య