షిప్ ఆఫీసర్‌కి అసలు టెన్షన్ తుఫానులో కాదు, పోర్టులో

మర్చంట్ నేవీలో ఆఫీసర్‌గా చేరాలనుంది, తుఫానుల టెన్షన్ తట్టుకోగలనా అని అడిగారు. కార్గో షిప్పుల్లో సెకండ్ ఆఫీసర్‌గా చేశాను కాబట్టి చెబుతున్నా, తుఫాను గురించి అంత బెంగ అక్కర్లేదు. అప్పుడు కెప్టెన్ బ్రిడ్జ్ (ఓడను నడిపే గది) మీదే ఉంటారు, వేగం తగ్గిస్తారు, డెక్ పనులు ఆపేస్తారు. ఒళ్లు హూనమవుతుంది గానీ, ఏం చేయాలో అందరికీ తెలుసు.

మనిషిని అరగదీసేది పోర్టు. నడిసముద్రంలో సెకండ్ ఆఫీసర్ వాచ్ (బ్రిడ్జ్ మీద ఓడను చూసుకునే డ్యూటీ) 12 నుంచి 4 దాకా, పగలూ రాత్రీ అంతే. విసుగే, కానీ నిద్రకు ఒక వేళంటూ ఉంటుంది. రేవు దగ్గరపడగానే అది పోతుంది. ఓడను రేవులోకి తీసుకెళ్లడానికి దారి చూపే పైలట్ ఏ అర్ధరాత్రో ఎక్కుతాడు. ఓడను రేవుకు కట్టే మూరింగ్ తాళ్లు బిగించడం అయ్యిందో లేదో కార్గో మొదలు. మధ్యలో ఇన్‌స్పెక్టర్లు, ఏజెంట్లు. తర్వాతి పోర్టుకు పాసేజ్ ప్లాన్, అంటే ఓడ వెళ్లే దారి ప్లాన్, తయారు చేయాల్సిందీ మనమే. ఆ నిద్రలేని కళ్లతో సింగపూర్ జలసంధి లాంటి చోట వాచ్‌కి ఎక్కితే రాడార్, ఎలక్ట్రానిక్ చార్ట్, వీహెచ్‌ఎఫ్ రేడియోలో మాటలు, చుట్టూ చిన్న పడవలు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. పైగా అలారాలు! చాలావరకు పనికిరానివే కాబట్టి, చదవకుండానే నొక్కేసే అలవాటు పడుతుంది. నన్నడిగితే అసలు ప్రమాదం అదే.

ఇంజనీర్లకు ఇంకో బాధ. రాత్రి ఇంజన్ రూమ్‌లో మనుషులు ఉండని ఓడల్లో అలారం డ్యూటీ ఇంజనీర్ కేబిన్‌లోనే మోగుతుంది. మోగకపోయినా మోగుతుందేమోనని సగం నిద్రే.

రూల్స్ లేక కాదు. నావికుల శిక్షణ, డ్యూటీల మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం ఎస్‌టీసీడబ్ల్యూ ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, 7 రోజుల్లో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఆ 10 గంటల్నీ రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలుండాలి. రికార్డుల్లో ఇవన్నీ చక్కగా సరిపోతాయి, ఎలా సరిపోతాయో అడక్కండి. నేను చూసిన ఒక కెప్టెన్ మాత్రం గంటలు తక్కువైతే, రేవు దాటాక లంగరు వేయించి అందర్నీ పడుకోమనేవారు. ఆఫీసు నుంచి ఫోన్లు వచ్చేవి, ఆయన లెక్కచేసేవారు కాదు. ఆ ఓడలో ఒకరిమీద ఒకరు అరుచుకోవడం చాలా తక్కువ.

అందుకే కంపెనీ చూసుకునేటప్పుడు జీతం కంటే ముందు ఓడలో వాచ్ చేసే ఆఫీసర్లు ఎంతమంది, ఎన్ని రోజులకో పోర్టు తగులుతుందో అడగండి. కొన్ని చిన్న ఓడల్లో కెప్టెన్, మేట్ (ఆయన కింది డెక్ ఆఫీసర్) ఇద్దరే ఆరేసి గంటల చొప్పున వాచ్ పంచుకుంటారు. ఆఫీసర్‌గా మొదటి ఉద్యోగానికి అలాంటివి వద్దు.