ఎంఆర్ఐ బాగుందన్నారు.. మరి ఈ నీరసం ఎందుకు?

ప్రశ్న: నా వయసు 33. ఖమ్మంలో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మూడేళ్ల క్రితం మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలింది. మందులు మానకుండా వాడుతున్నాను. ఈమధ్య తీసిన ఎంఆర్ఐలో కొత్త మచ్చలేవీ లేవన్నారు. కానీ మధ్యాహ్నానికల్లా ఒళ్లు అస్సలు లేవడం లేదు. రాత్రిళ్లు మూత్రానికి నాలుగైదుసార్లు లేవాల్సి వస్తోంది. ఎండలో నడిస్తే కుడికన్ను మసకబారి, ఇంటికొచ్చి కూర్చున్నాక సర్దుకుంటోంది. ఇంట్లోవాళ్లేమో బద్ధకం అంటున్నారు. జబ్బు ముదురుతోందా?

జవాబు: మీది బద్ధకం కాదమ్మా. ముందు ఈ మాట మీ ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి. ఎంఎస్ ఉన్న నలుగురిలో ముగ్గురిని ఈ అలసట వేధిస్తుంది. చాలామంది ఉద్యోగం మానుకోవడానికి కాళ్ల బలహీనత కంటే ఇదే పెద్ద కారణం అవుతుంటుంది. పైకి కనిపించదు కాబట్టి ఎవరూ నమ్మరు. నాకు బాధ కలిగించేది అదే.

ఎంఎస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. కొత్త మచ్చలు లేవంటే మీ మందు బాగా పనిచేస్తున్నట్టే, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఆపొద్దు. అయితే ఆ మందు పని కొత్త దాడులను ఆపడం వరకే. పాత నష్టం వల్ల వచ్చే నీరసానికి దారి వేరే వెతకాలి.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా అనిపించింది రాత్రి నిద్ర సంగతి. నాలుగైదుసార్లు లేస్తే ఎవరికైనా పగలు ఓపిక ఉండదు. స్కూల్లో బాత్రూమ్ ఇబ్బందికి భయపడి పగలు నీళ్లు తాగడం మానేస్తున్నారేమో చూసుకోండి. దానివల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి, ఎంఎస్ లక్షణాలన్నీ ఒక్కసారిగా పెరుగుతాయి. పగలు సరిపడా తాగి, పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించండి. మూత్ర పరీక్ష, మూత్రం పోశాక బ్లాడర్‌లో ఎంత మిగిలిందో చూసే స్కాన్ చేయించుకోండి. దీనికి మంచి మందులున్నాయి, డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడకండి. రక్తహీనత, థైరాయిడ్, బి12 కూడా ఒకసారి చూపించుకోండి. మనసు బాగోకపోయినా, ఏడుపొస్తున్నా అదీ చెప్పండి. ఎంఎస్‌లో డిప్రెషన్ చాలా ఎక్కువ, చికిత్సకు తగ్గుతుంది కూడా.

నీరసానికి ఏదైనా బిళ్ల ఇవ్వమని చాలామంది అడుగుతారు. అమాంటడిన్, మొడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్‌లను ఉత్తుత్తి మాత్రతో పోల్చిన పరిశోధన 2021లో వెలువడింది. మూడింటిలో ఏదీ దానికంటే మెరుగ్గా పనిచేయలేదు. రోజూ తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు చేసే కొద్దిపాటి వ్యాయామం మీద నాకు ఎక్కువ నమ్మకం. కష్టమైన క్లాసులు ఉదయం పూట పెట్టించుకోండి. పూర్తిగా అలసిపోకముందే కాసేపు పడుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఎంఎస్ పేరు ఉంది. హెడ్‌మాస్టర్‌తో మాట్లాడేటప్పుడు ఆ సంగతి చెప్పండి.

ఇక కన్ను. ఒంట్లో వేడి కాస్త పెరిగినా దెబ్బతిన్న నరం సంకేతాలను సరిగ్గా పంపలేదు. 1890లో ఉథాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు దీన్ని వర్ణించాడు. చల్లబడగానే చూపు తిరిగి వస్తోంది కాబట్టి ఇది కొత్త నష్టం కాదు. ఖమ్మం ఎండల్లో గొడుగు, చల్లటి నీళ్లు, మెడకు తడిగుడ్డ తప్పనిసరి. జ్వరం లేకుండా మసక 24 గంటలు దాటినా, కన్ను తిప్పితే నొప్పి వచ్చినా, కాలో చెయ్యో కొత్తగా పట్టు తప్పినా వచ్చే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా మీ న్యూరాలజిస్ట్‌కు వెంటనే ఫోన్ చేయండి.