నాన్నగారి వీలునామా కేసుకు మీ బంగారం కుదువ పెట్టకండి

ప్రశ్న: నాన్నగారు వీలునామాలో నన్ను ఎగ్జిక్యూటర్‌గా, అంటే వీలునామాను అమలు చేసే వ్యక్తిగా రాశారు. ఇల్లు, 18 లక్షల ఎఫ్‌డీలు ఉన్నాయి. వీలునామా చెల్లదని తమ్ముడు కోర్టుకెక్కాడు. లాయర్ ఖర్చులకు 6 లక్షల గోల్డ్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. గెలిచాక నాన్నగారి ఆస్తిలోంచి తీసుకోవచ్చు కదా? నా జీతం 52 వేలు. చేతిలో 2 లక్షలున్నాయి.
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ‘గెలిచాక వస్తుంది’ అన్న లెక్కతో అప్పు చేసి నలిగిపోయినవాళ్లను చాలామందిని చూశానమ్మా. అందుకే గట్టిగా చెబుతున్నాను, ఆ లోన్ వద్దు.

మీరు అనుకున్నదాంట్లో సగం నిజమే. 1925 నాటి భారత వారసత్వ చట్టం 321వ సెక్షన్ ప్రకారం ప్రొబేట్‌కు (వీలునామా అసలైనదని కోర్టు ధ్రువీకరించడానికి), ఆస్తి వ్యవహారం చక్కబెట్టడానికి అవసరమైన కోర్టు ఖర్చులు పోయినవారి ఆస్తిలోంచే ఇవ్వాలి. అంత్యక్రియలు, ఆఖరి రోజుల వైద్యం ఖర్చుల తర్వాత వరుస వీటిదే. ఎగ్జిక్యూటర్‌గా పెట్టిన ఖర్చు మీరు అడగొచ్చు. మీ సొంత వాటా కోసం తమ్ముడితో పోట్లాడే ఖర్చు మాత్రం ఇందులోకి రాదు.

దానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ఉంది. ఓడినవారు ఖర్చులివ్వాలన్నది మామూలు పద్ధతే గానీ నిర్ణయం జడ్జిగారిది. తోబుట్టువుల కేసుల్లో ‘ఎవరి ఖర్చులు వారే భరించాలి’ అని తీర్పు చివర రాసేయడం మామూలే. ఇప్పించినా ఎంత? డిక్రీ (తీర్పును అనుసరించి కోర్టు ఇచ్చే ఉత్తర్వు) వెనక ఖర్చుల పట్టిక ఉంటుంది చూడండి: కోర్టు ఫీజు, వకాలత్ స్టాంపు, సమన్లు పంపే ప్రాసెస్ ఫీజు, నిబంధనల ప్రకారం లెక్కగట్టిన అడ్వకేట్ ఫీజు. మీరు లాయర్‌గారి చేతికిచ్చిన మొత్తం అందులో కనిపించదు. తప్పుడు కేసని తేలినా 35ఏ కింద ఇప్పించే పరిహారం 3,000 రూపాయలు దాటదు.

ఇక వడ్డీ. 12 శాతమనుకున్నా 6 లక్షలకు నెలకు 6 వేలు, నాలుగేళ్లకు 2 లక్షల 88 వేలు. ఎఫ్‌డీలు తగాదాలో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి అదంతా మీ జీతంలోంచే కట్టాలి. కట్టలేక ఆగిపోతే నగలు వేలానికి పోవచ్చు. కేసు గెలిచి నగలు పోగొట్టుకోవడం ఏం తెలివమ్మా?

నా అసలు బెంగ ఆ 2 లక్షల గురించి. అది మీ అత్యవసర నిధి. ఇంటి ఖర్చు నెలకు 35 వేలైతే ఆరు నెలలకు కూడా చాలదు. కోర్టు వాయిదాలు నడుస్తుండగా ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, ఉద్యోగం పోతే ఆదుకునేది ఆ డబ్బొక్కటే. అందులోంచి లాయర్‌కు రూపాయి కూడా తీయకండి. నెలకు 5 వేలైనా కలుపుతూ ముందు 2 లక్షల 10 వేలు చేయండి.

మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే తమ్ముడు కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కొస్తుంది, ఆ మాట అతనికి చెప్పండి.

ఈ రోజే ఒక నోట్‌బుక్ తెరవండి. ఎగ్జిక్యూటర్‌గా పెట్టిన ఖర్చు ఒక పేజీలో, మీ వాటా కోసం పెట్టింది మరో పేజీలో తేదీతో రాసి, రసీదులు పిన్ చేయండి. కోర్టు అడిగినప్పుడు చూపాల్సింది ఆ మొదటి పేజీనే.