ఈపర్ నకిలీ ఊరా? మా నాన్న గోడ మీద చెయ్యి పెట్టి చెప్పింది వినండి

అడిగిన ప్రశ్న: "బెల్జియంలో ఒక్క రోజు ఖాళీ దొరికింది. ఈపర్ వెళ్దామనుకుంటే, అదంతా మొదటి ప్రపంచయుద్ధం తర్వాత కట్టిన ఊరట, అసలు పాతదేమీ లేదట. అంత దూరం వెళ్ళడం దండగేనా?"

వెళ్ళండి. టూరిస్టులంతా పరిగెత్తే పాత ఊరు బ్రూజ్ మానేసుకుని అయినా వెళ్ళండి. తొమ్మిదేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను, ఈపర్‌కి నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. "అదంతా డూప్లికేట్" అన్న మాట విన్న ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది.

2022 సెప్టెంబరులో అమ్మా నాన్నా వచ్చారు. మా నాన్న తెనాలి పక్క పల్లెలో నలభై ఏళ్ళు తాపీ మేస్త్రీగా చేశారు. బ్రస్సెల్స్ నుంచి రైల్లో ఈపర్ చేరేసరికి శనివారం పొద్దు బాగా ఎక్కింది. శనివారం అక్కడ సంత. పెద్ద చౌకు నిండా టెంట్లు, చీజ్ ముద్దలు, కాల్చిన కోళ్ళు, పూల కుండీలు. వాటన్నిటి వెనకాల క్లాత్ హాల్. దాదాపు 125 మీటర్ల పొడవు, నడుమ 70 మీటర్ల గంట గోపురం. ఇంగ్లండు ఉన్నితో బట్ట నేసి బతికిన ఊరు అది. ఆ బట్ట నిలవకీ అమ్మకానికీ 13వ శతాబ్దంలో కట్టుకున్న హాలు ఇది.

మా పక్కనే బస్సులో వచ్చిన మన దేశం వాళ్ళ గుంపొకటి నిలబడి ఉంది. వాళ్ళ గైడు హిందీలో చెప్పేస్తున్నాడు: "అసలుది 1914లో కాలిపోయింది, ఇది తర్వాత కట్టిన కాపీ. పదిహేను నిమిషాల్లో బస్సెక్కాలి." నాన్నకి ఆ మాత్రం హిందీ వచ్చు. ఆయన మొహం చిన్నబోయింది.

"కాపీయా అమ్మాయ్?" అన్నారు.

నేను జవాబు చెప్పేలోపే గోపురం మొదట్లోకి నడిచారు. చెప్పులు విప్పబోతుంటే అమ్మ ఆపింది, గుడి కాదని. గోడ మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా పక్కకి జరుపుకుంటూ వెళ్ళారు. నాలుగైదు అడుగులు వెళ్ళాక ఆగి, గోరుతో రాళ్ళ మధ్య ఒక దర్జు గీకి చూశారు. వంగి కింది వరసలు చూసి, మళ్ళీ లేచి పైకి చూశారు. నేనూ అమ్మా ఎండలో నిలబడ్డాం. పావుగంట పట్టింది.

"ఇటు రా" అని పిలిచి నా చెయ్యి పట్టుకుని గోడ మీద పెట్టారు. "ఇదిగో, ఇక్కడిదాకా పాతది. అంచులు చూడు, అరిగి గుండ్రంగా అయ్యాయి. రంగు దిగింది. అక్కడక్కడ పెచ్చులూడింది. దీని పైది కొత్త రాయి, అంచు ఇంకా పదునుగా ఉంది. కానీ కలిపిన చోట గీత కనబడుతోందా? పాత రాయి ఎక్కడ ఎంత మిగిలితే అంతా ఉంచి, దాని మీద నుంచి లేపుకుంటూ పోయారు. కింద ఒక రాయి, పక్కన రెండు, ఆ పైన మూడు. కాపీ కొట్టేవాడైతే మొత్తం పీకేసి నున్నగా మొదలెడతాడు. అది తేలిక పని. ఇది చచ్చే చాకిరీ."

నిజానికి అంతకుముందు రెండుసార్లు ఆ గోడ పక్క నుంచే నడిచాను. చూశాననుకున్నానే తప్ప చూడలేదు.

ఆ గోడ కథ నాకు తెలిసినంత ఆయనకి చెప్పాను. 1914 నవంబరు 22న జర్మన్ ఫిరంగులు పేల్చిన గుండ్లకి హాలు అంటుకుంది. అప్పటికే గోపురానికి మరమ్మతులు జరుగుతూ చుట్టూ కర్రల పరంజా కట్టి ఉంది, మంట దాన్ని పట్టుకునే పైకి పోయింది. "పరంజా విప్పలేదా?" అని నాన్న అప్పుడే జరిగినట్టు నొచ్చుకున్నారు. తర్వాత నాలుగేళ్ళు ఊరి మీద గుండ్లు పడుతూనే ఉన్నాయి. 1918 నాటికి మిగిలింది కొన్ని మొండి గోడలు, సగం గోపురం. ఆ శిథిలాలని అలాగే స్మారకంగా ఉంచేయాలని 1919లో చర్చిల్ కోరాడు. తన సైనికులు చచ్చిపోయిన చోటు గనక ఆయన బాధ ఆయనది. కానీ అది ఎవరి ఊరు? పారిపోయిన జనం తిరిగొచ్చి చెక్క గుడిసెల్లో ఉంటూ, మా ఇళ్ళు మాకు కావాలి, మా సంత మాకు కావాలి అన్నారు. కట్టుకున్నారు. మెట్లు మెట్లుగా లేచే ఆ ఫ్లెమిష్ ఇళ్ళ ముఖాలు, ఇటుక కమానులు అన్నీ అలా వచ్చినవే. ఒక ఇంటి నుదుటి మీద 1923 అని రాసుకుని ఉంది, దాచలేదు.

క్లాత్ హాల్ పనిని నడిపింది ఊరి ఆర్కిటెక్టు జూల్స్ కూమన్స్. యుద్ధానికి ముందు ఆ హాలు మరమ్మతులు చూసినవాడూ ఆయనే. 1933లో మొదలైన కట్టుబడి 1967కి గానీ పూర్తవలేదు, మధ్యలో ఇంకో యుద్ధం వచ్చిపడింది. కూమన్స్ 1937లోనే పోయాడు, పావెల్స్ అనే ఆయన అందుకున్నాడు. ఇది వినగానే నాన్న, "ముప్పై నాలుగేళ్ళు! మొదటి రాయి పెట్టిన మేస్త్రీ కొడుకు దించి ఉంటాడు పరంజా" అన్నారు.

ఇప్పుడు "అసలుది" అంటూ బ్రూజ్‌కి పరిగెత్తేవాళ్ళకి ఒక మాట. బ్రూజ్‌లో మీరు మధ్యయుగం అనుకుని ఫోటో దిగేవాటిలో బోలెడన్ని 19వ శతాబ్దంలో పాత పద్ధతిలో కొత్తగా దిద్దినవే. పవిత్ర రక్తం బసిలికాలో పై అంతస్తు చర్చి కూడా ఆ శతాబ్దంలో మళ్ళీ కట్టిందే. దాన్ని ఎవరూ డూప్లికేట్ అనరు, ఎందుకంటే పడవలోంచి చూస్తే బాగుంటుంది. మన టూర్ ప్యాకేజీలన్నీ ఇంతే, బ్రస్సెల్స్‌లో ఆటోమియం కట్టడం ముందు ఒక ఫోటో, బ్రూజ్‌లో పడవ, చాక్లెట్ డబ్బా, మళ్ళీ బస్సు. ఆ పదిహేను నిమిషాల గైడు తప్పు కూడా కాదేమో, అతని చేతిలో పెట్టిన టైమే అంత.

మన దగ్గర శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే నెలలో కుప్పకూలింది. కృష్ణదేవరాయలు కట్టించింది. అదే చోట మళ్ళీ కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. దాని కిందనుంచి లోపలికి నడిచే భక్తుణ్ణి ఆపి, ఇది నకిలీ గోపురం అనండి చూద్దాం. గుడి వాడుకలో ఉంది, గోపురం గుడిది. అంతే. ఈపర్‌దీ అదే లెక్క, సంత వాడుకలో ఉంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. హాలు వెనక సెయింట్ మార్టిన్ చర్చికి యుద్ధానికి ముందు ఆ సూది శిఖరం లేదు, గోపురం పైన చదునుగా ఉండేది. మళ్ళీ కట్టేటప్పుడు 100 మీటర్లు దాటించి లేపారు. మా నాన్నకి అది నచ్చలేదు. నాకు నచ్చింది.

భోజనం సంగతి ముందే చెప్తున్నా. మధ్యాహ్నం రెండు దాటాక చాలా హోటళ్ళలో వంటగది మూసేస్తారు, మళ్ళీ ఆరింటికే. పెద్దవాళ్ళతో వెళ్తే పులిహోర కట్టుకెళ్ళండి. మేం ప్రాకారం గట్టు మీద చెట్ల కింద కూర్చుని తిన్నాం.

సాయంత్రం మెనిన్ గేట్. మొదటి యుద్ధంలో చనిపోయి, శవాలు కూడా దొరకని బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల పేర్లు 54 వేలకి పైగా ఆ కమాను గోడల మీద చెక్కి ఉన్నాయి. అందులో నాలుగు వందలకి పైగా మన దేశం వాళ్ళవి. 1914 అక్టోబరులో మన సిపాయిల్ని ఈ బురదలో దింపారు. దగ్గర్లోని హొలెబెకెలోనే ఖుదాదాద్ ఖాన్ మెషిన్ గన్ వదలకుండా పోరాడి, బ్రిటన్ ఇచ్చే అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ తెచ్చుకున్నాడు. భారతీయ సైనికుల్లో అది అందుకున్న మొదటివాడు ఆయనే. నాన్న కళ్ళజోడు సర్దుకుని సింగులూ ఖాన్‌ల పేర్ల మధ్య తెలుగు పేరు కోసం వెతికారు. చూసినంత మేర కనబడలేదు. అయినా వేలు పెట్టి ఒక్కో పేరూ పైకి చదువుతూ పోయారు, పెళ్ళి శుభలేఖల మీద పేర్లు సరిచూసుకున్నట్టు.

ఎనిమిదింటికి రోడ్డు ఆపేసి, ఆ చనిపోయినవాళ్ళకి నివాళిగా బూరలు ఊదారు. 1928 నుంచి రోజూ ఇదే. రెండో యుద్ధంలో జర్మన్లు ఊరిని పట్టుకున్న నాలుగేళ్ళే ఇక్కడ ఆగింది, 1944 సెప్టెంబరు 6న విముక్తి దొరికిన సాయంత్రమే మళ్ళీ ఊదారు. చప్పట్లు కొట్టకూడదు, ముందే పిల్లలకి చెప్పి ఉంచండి.

చోటు కోసం ఏడుంపావుకల్లా వెళ్ళండి. తిరుగు రైలు టైము ముందే చూసుకోండి, వీలైతే ఆ రాత్రి ఊళ్ళోనే ఉండిపోండి. మేం ఉండిపోయాం. పొద్దున సంత టెంట్లు లేని ఖాళీ చౌకులో నాన్న మళ్ళీ ఆ గోడ దగ్గరికి వెళ్ళి, ఈసారి ఉత్తరం వైపు కూడా చూడాలన్నారు.